గడగడా చదివినా అర్థం ఎందుకు కావడం లేదు? ఒడిశా సరిహద్దు జిల్లాల్లో తెలుగు పిల్లల చదువు

## క్లుప్తంగా

చదివింది అర్థం కావాలంటే రెండు శక్తులు కావాలి. ఒకటి, రాసి ఉన్నదాన్ని మాటలుగా మార్చుకోగలగడం. రెండు, ఆ మాటలు ఏ భాషవో ఆ భాష బాగా తెలియడం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా ఉన్న పిల్లల్లో మొదటిది త్వరగా వచ్చి రెండోది వెనకబడుతుంది. బయటికి మాత్రం అందరూ ‘చదువులో వీక్’ అన్నట్టే కనిపిస్తారు. లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఈ లోపానికి కారణం కాదు. దాన్ని సరిచేయడానికి చేతిలో ఉన్న మంచి ఆసరా అదే.

## సమస్య బయటపడే తీరు

గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. నాలుగో తరగతి పిల్లవాడు ఒడియా పాఠాన్ని తడుముకోకుండా చదువుతాడు. పాఠంలో ఏం జరిగిందని అడిగితే పుస్తకంలోని వాక్యాన్నే అప్పజెబుతాడు. ప్రశ్న కాస్త మార్చి అడిగితే నోరు మెదపడు. శ్రద్ధ లేదని టీచర్ అంటారు. తల్లిదండ్రులు ట్యూషన్ పెట్టిస్తారు. ట్యూషన్‌లో గైడ్‌లోని జవాబులు బట్టీ పట్టిస్తారు, మార్కులు కొంత పెరుగుతాయి. ఆరో ఏడో తరగతికి వచ్చేసరికి సైన్సు, సోషల్ పాఠాలు పొడవెక్కుతాయి, బట్టీ కూడా పనిచేయదు. అప్పుడు ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది.

దీని వెనక చరిత్ర ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కోరాపుట్ ప్రాంతాలు, పర్లాకిమిడి ఎస్టేట్‌లో కొంత భాగం అందులో చేరాయి. అప్పటి నుంచి తరతరాలుగా ఇక్కడి తెలుగువాళ్లకు ఇంటి భాష ఒకటి, బడి, ఆఫీసు భాష మరొకటి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బజార్లలో రెండు భాషలూ కలిసే నడుస్తాయి. దాంతో పిల్లలకు ఒడియా ‘వచ్చు’ అని పెద్దలు నమ్ముతారు. బజారు ఒడియాకీ పాఠ్యపుస్తకం ఒడియాకీ ఎంత దూరం ఉందో ఎవరూ కొలిచి చూడరు.

చదువులో వెనకబాటు సరిహద్దు పిల్లలదే అనుకుంటే పొరపాటు. పల్లెల్లో పిల్లల చదువును కొలిచే అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. 2022లో అది 16.3 శాతమే. ఐదో తరగతిలో 2024లో 44.8 శాతం. ఈ సర్వే ముఖ్యంగా చూసేది పిల్లలు పైకి చదవగలరా లేదా అన్నదే. చదవగలిగినట్టు లెక్కకెక్కిన పిల్లల్లో ఎంతమందికి అర్థమైందన్నది వేరే ప్రశ్న. ఇంటి భాష, బడి భాష వేరుగా ఉన్నచోట ఆ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న అవుతుంది.

## చదివేటప్పుడు లోపల జరిగే పని

చదివేటప్పుడు కళ్లు వరుస వెంట నున్నగా జారుతున్నట్టు అనిపిస్తుంది గానీ అవి నిజానికి గెంతుతూ ఆగుతూ సాగుతాయి. అలవాటైన పాఠకుల కన్ను ఒక్కోచోట సుమారు సెకనులో నాలుగో వంతు నిలుస్తుంది. చూపు పట్టేది ఆగినప్పుడే. ఆ కొద్దిపాటి వ్యవధిలో అక్షరాలను గుర్తుపట్టాలి, మాట పోల్చుకోవాలి, వాక్యంలో ఆ మాట స్థానం తేల్చుకోవాలి, ముందు వాక్యంతో ముడివేయాలి.

ఈ పనులన్నీ మనసులో ఇరుకైన ఒక చోటులోనే జరగాలి. దాన్ని పనిచేసే జ్ఞాపకం అంటారు. అందులో ఒకేసారి నిలిచే విషయాలు సుమారు నాలుగే అని నెల్సన్ కోవన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో వాదించాడు. అక్షరాలు కూడబలుక్కోవడానికే ఆ చోటంతా ఖర్చయిపోతే అర్థానికి మిగిలేది ఏమీ ఉండదు. వాక్యం చివరికి వచ్చేలోపు మొదలు మరిచిపోయే పిల్లల సంగతి ఇదే. అక్షరాలు గుర్తుపట్టడం ప్రయత్నం లేకుండా జరిగిపోయే స్థాయికి చేరితేనే ధ్యాస అర్థం మీదికి మళ్లుతుందని లాబెర్జ్, శామ్యూల్స్ 1974లో చెప్పారు.

అయితే వేగం వచ్చినంత మాత్రాన ధ్యాస అర్థం వైపు దానంతటదే వెళ్లదు. మళ్లడానికి వీలు దొరుకుతుంది, అంతే. భాష తెలియని పిల్లవాడికి ఆ వీలు వల్ల ఒరిగేది తక్కువ.

## లోపం ఎక్కడుందో తేల్చే పద్ధతి

గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చేసిన ప్రతిపాదన ఈ చిక్కును బాగా విడదీస్తుంది. చదివి అర్థం చేసుకునే శక్తి రెండు శక్తుల లబ్ధం అన్నారు వాళ్లు: రాతను మాటగా మార్చే శక్తి, విన్న భాషను అర్థం చేసుకునే శక్తి. కూడిక కాదు, హెచ్చవేత. ఒకటి సున్నా అయితే రెండోది ఎంత ఉన్నా ఫలితం సున్నాయే.

ఊహకోసం ఒక లెక్క చూద్దాం. ఒక పాపకు రాతను మాటగా మార్చే శక్తి నూటికి 90, ఒడియా భాష మీద పట్టు నూటికి 40 అనుకుంటే ఫలితం 36. ఎడతెగని పఠన సాధనతో 90ని 95 చేస్తే ఫలితం 38కి చేరుతుంది. భాష పట్టును 40 నుంచి 60కి పెంచితే 54 అవుతుంది. మనుషుల మనసు ఇంత కచ్చితమైన అంకెల్లో నడవదు, కానీ కష్టాన్ని ఎటు పెట్టాలో ఈ లెక్క చెబుతుంది. పైకి చదివించి చదివించి విసిగిపోయే ఇళ్లలో ఏళ్లు గడిచినా ఫలితం కనబడకపోవడానికి కారణం ఇదే.

దీన్నుంచే తేలికైన పరీక్ష పుడుతుంది. పిల్లలు చూడని ఒక చిన్న ఒడియా పేరా తీసుకుని వాళ్లచేత చదివించి నాలుగు ప్రశ్నలు అడగాలి. తర్వాత అదే స్థాయి పేరాను ఒడియా బాగా వచ్చినవాళ్లు చదివి వినిపించి మళ్లీ నాలుగు ప్రశ్నలు అడగాలి. ఆ పైన అదే స్థాయి కథను తెలుగులో చెప్పి అలాగే అడగాలి. జవాబులు తెలుగులో చెప్పినా ఒప్పుకోవాలి.

వింటే అర్థమై, చదివితే కాకపోతే లోపం అక్షరాల దగ్గర, వేగం దగ్గర ఉంది. ఒడియాలో విన్నా అర్థం కాకుండా, తెలుగులో విన్నది చక్కగా చెబితే లోపం ఒడియా భాష దగ్గర ఉంది. పిల్లవాడి తెలివికి ఏ కొరతా లేదు. తెలుగులో విన్న కథ కూడా తిరిగి చెప్పలేకపోతే కథను పట్టుకోవడం, కార్యకారణాలు ముడివేసుకోవడం అలవాటు కాలేదన్నమాట. వినికిడి లోపం లాంటివి కూడా ఒకసారి చూపించుకోవాలి. ఈ మూడు రకాల పిల్లలకూ కావలసినవి మూడు వేర్వేరు సాయాలు. ప్రస్తుతం అందరికీ దొరుకుతున్నది ఒకే ట్యూషన్.

## రెండు లిపుల మధ్య

తెలుగు, ఒడియా రెండూ అక్షర లిపులే. హల్లు, దానికి గుణింతపు గుర్తు, కిందో పక్కనో ఒత్తు, ఈ ఏర్పాటు రెండింటిలోనూ ఉంది. ఒక లిపిలో ఇది ఒంటబడితే రెండో లిపికి కొత్తగా నేర్వాల్సింది రూపాలే. ఇది పెద్ద లాభం. కానీ ఇలాంటి లిపుల్లో గుణింతాలు, ఒత్తులు కలిసి వందల రూపాలు అవుతాయి. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధనలో అక్షరాల నేర్పు ఒకటి రెండు తరగతులతో పూర్తికాదనీ, ప్రాథమిక బడి పై తరగతుల దాకా సాగుతుందనీ తేలింది. మూడో తరగతిలో ఒత్తుల దగ్గర తడబడే పిల్లవాడిని మొద్దు అనడం అన్యాయం.

తేడాలూ ఉన్నాయి. తెలుగులో ఏత్వం హల్లు నెత్తిన ఉంటుంది, ఒడియాలో హల్లుకు ఎడమపక్కన ముందే వస్తుంది. అంటే కంటికి ముందు కనబడే గుర్తును నోటితో తర్వాత పలకాలి. ఒడియాలో గుండ్రని వలయంలా రాసే అక్షరం ‘ఠ’. తెలుగు చదివే కంటికి అది సున్నాలా తోస్తుంది. తెలుగులో ‘జల’ అని పలికేదాన్ని ఒడియాలో ‘జొళొ’ అంటారు. శ, ష, స మూడింటికీ ఒడియా రాతలో వేర్వేరు అక్షరాలున్నా పలుకులో అన్నీ ‘స’ దగ్గరికే వస్తాయి. హ్రస్వ, దీర్ఘ ఇకార ఉకారాల తేడా రాతలో ఉంటుంది, మాటలో వినబడదు. తెలుగులో దీర్ఘం తప్పితే అర్థమే మారుతుంది కాబట్టి తెలుగు పిల్లలు చెవిని నమ్ముతారు. ఒడియా డిక్టేషన్‌లో చెవిని నమ్మితే తప్పులు పడతాయి. ఈ తేడాలను విడిగా కూర్చోబెట్టి చెబితే కొద్ది వారాల పని. చెప్పకుండా వదిలేస్తే ఏళ్ల తరబడి ఎర్ర సిరా గీతలుగా మిగిలిపోతాయి.

మహారాష్ట్ర వైపు సిరొంచ, దెగ్లూరు, ధర్మాబాద్ ప్రాంతాల తెలుగు పిల్లలకు చిక్కు మరో చోట. మరాఠీలో ‘రామ’ అని రాసి ‘రామ్’ అని చదవాలి. క్రియ మూడు లింగాలను బట్టి మారుతుంది: వారా ఆలా, నదీ ఆలీ, పుస్తక్ ఆలే. గాలి, నది, పుస్తకం మూడింటికీ ‘వచ్చింది’ అనే తెలుగు పిల్లలకు అది కొత్త భారం. ఒడియాలో దీనికి తలకిందులు. అక్కడ క్రియకు లింగభేదం లేదు, ‘అతను’ అన్నా ‘ఆమె’ అన్నా ‘సే’ ఒక్కటే. అన్నాచెల్లెళ్ల కథలో నాలుగు వాక్యాల తర్వాత వచ్చిన ‘సే’ ఎవరో ముందు వాక్యాలను బట్టి తేల్చుకోవాలి. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అనే ఆధారానికి అలవాటుపడ్డ పిల్లలు ఇక్కడే దారి తప్పుతారు. అక్షరం ఒక్కటీ తప్పకుండా చదివి కూడా కథలో ఎవరు ఏం చేశారో తారుమారు చేసి చెబుతారు.

## తెలిసినట్టే ఉండే మాటలు

ఎవరి సాయం లేకుండా ఒక పాఠం అర్థం కావాలంటే అందులో నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని హు, నేషన్ 2000లో చేసిన అధ్యయనం సూచించింది. అంటే 50 మాటలకు ఒకటే కొత్త మాట. ఒడియా పాఠంలో సంస్కృతం నుంచి వచ్చిన మాటలు చాలా ఉంటాయి కాబట్టి తెలుగు పిల్లలకు సగం పని తేలికవుతుంది. జలం, వృక్షం, సూర్యుడు, విద్యార్థి కొత్తవేమీ కావు. చిక్కు రూపం ఒకటై అర్థం వేరైన మాటలతోనే. ఒడియాలో ‘శిక్షా’ అంటే చదువు, ‘ఉపన్యాస’ అంటే నవల, ‘చేష్టా’ అంటే ప్రయత్నం. తెలియని మాట దగ్గర పిల్లలు ఆగి అడుగుతారు. తెలిసిందనుకున్న మాట దగ్గర ఆగరు, అందుకే ఇవి ఎక్కువ నష్టం చేస్తాయి. ఇలాంటి మాటల పట్టిక ఒకటి తరగతి గోడ మీద ఉంటే చాలా మేలు జరుగుతుంది.

అంతకన్నా లోతైన సంగతి ఒకటుంది. కొత్త భాషలో మాట్లాడుకునే పాటి నేర్పు రెండేళ్లలో వస్తుందనీ, పాఠాల భాష మీద పట్టు రావడానికి ఐదేళ్లు, ఆపైన పడుతుందనీ జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు కెనడాలోని వలస కుటుంబాల పిల్లలను చూసి చెప్పాడు. ఆ లెక్క ఇక్కడ అచ్చంగా సరిపోకపోవచ్చు. సరిహద్దు పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఒడియా వింటూనే ఉంటారు. కానీ రెండు రకాల నేర్పు ఒకటి కాదన్న మాట ఇక్కడా వర్తిస్తుంది. కిరాణా కొట్టులో బేరమాడే ఒడియాలో ‘బాష్పీభవనం’ ఉండదు, ‘ఏ ప్రాంతంలో అయితే వర్షపాతం తక్కువో ఆ ప్రాంతంలో’ అని సాగే జంట వాక్యాలు ఉండవు. ఆటల్లో, బజార్లో గలగలా మాట్లాడే పిల్లవాడిని చూసి భాష సమస్య లేదని తేల్చేస్తారు. మాటకారితనం లోపాన్ని కప్పేస్తుంది.

## రాయని సంగతి చదవడం

‘ఆకాశం నల్లబడింది. అత్త పరుగున వెళ్లి డాబా మీది వడియాలు కిందికి దించింది.’ ఈ రెండు వాక్యాల్లో వాన అన్న మాటే లేదు. చదివినవాళ్లందరికీ వాన కనబడుతుంది. ఏ రచనలోనైనా సగం సంగతి ఇలా పాఠకుల తలలోంచే రావాలి. అందుకు విషయం ముందే తెలిసి ఉండాలి.

రెక్ట్, లెస్లీ 1988లో అమెరికాలో 64 మంది బడి పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన పేరా ఇచ్చారు. చదివే నేర్పు ఎక్కువున్నవాళ్లు, తక్కువున్నవాళ్లు, ఆట బాగా తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అని విడదీసి, చదివిన ఆటను చిన్న బొమ్మలతో ఆడి చూపించమన్నారు. ఆట తెలిసి చదువు తక్కువగా ఉన్న పిల్లలు, చదువు బాగా వచ్చి ఆట తెలియని పిల్లలకన్నా మెరుగ్గా చెప్పారు. ‘చదివి అర్థం చేసుకునే నైపుణ్యం’ అని ఒకటే విద్య ఉందనీ, దాన్ని ఏ పాఠానికైనా వాడొచ్చనీ అనుకునేవారికి ఈ ఫలితం గట్టి సమాధానం.

ఒడియా వాచకంలో రజొ పండగ రోజున రైతు నాగలి ముట్టకుండా కూర్చున్నాడని ఉందనుకుందాం. జూన్ నడిమి ఆ మూడు రోజులూ భూమికి విశ్రాంతి, దున్నకూడదు అన్న నమ్మకం తెలిసిన పిల్లలకు అందులో వింతేమీ లేదు. తెలియని పిల్లలకు ఆ రైతు సోమరిపోతులా కనిపిస్తాడు, మిగతా కథంతా ఆ తప్పు మీదే నడుస్తుంది. ‘పఖాళ’ దగ్గర ఆగిపోయిన పిల్లలకు అది మన చద్దన్నం లాంటిదేనని టీచర్ ఒక్క మాట చెబితే పేరా మొత్తం విచ్చుకుంటుంది. పాఠం చదివించే ముందు ఐదు నిమిషాలు విషయం గురించి మాట్లాడటం కాలయాపన అనిపించవచ్చు. అర్థం విషయంలో ఆ ఐదు నిమిషాలే ఎక్కువ పని చేస్తాయి.

## పర్లాకిమిడిలో వందేళ్ల కిందటే వచ్చిన ప్రశ్న

రాత భాషకూ నోటి భాషకూ దూరం పెరిగితే పిల్లలకు చదువు అందదన్న వాదం ఈ నేల మీదే గట్టిగా వినిపించింది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం సాహిత్య వివాదంగానే ఎక్కువగా గుర్తుండిపోయింది. దాని మూలం తరగతి గదిలో ఉంది. గ్రాంథికంలో ఉన్న పాఠాన్ని పిల్లలు వల్లించగలరు, సొంతంగా వాడలేరు. ఆయన అక్కడితో ఆగలేదు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు.

ఇంటి భాషలో మొదలుపెట్టి బడి భాషకు తీసుకెళ్లే పద్ధతిని ఒడిశా ప్రభుత్వం 2007 ప్రాంతంలో బహుభాషా విద్య పేరుతో 10 గిరిజన భాషల్లో ప్రారంభించింది. సవర, కువి, కోయ అందులో ఉన్నాయి. తెలుగు గిరిజన భాష కాదు కాబట్టి ఆ పథకంలోకి రాలేదు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని 1956లో చేర్చిన రాజ్యాంగ అధికరణం 350ఎ చెబుతోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషనే బోధనా మాధ్యమంగా ఉంచమంటోంది. కాగితం మీద అండ ఉంది. ఊళ్లో తెలుగు టీచర్ లేకపోతే ఆ అండ పిల్లల దాకా రాదు.

## ఇంట్లో తెలుగు మానేయాలా?

‘ఇంట్లో కూడా ఒడియాలోనే మాట్లాడండి’ అని తల్లిదండ్రులకు కొందరు సలహా ఇస్తారు. అది మంచి మనసుతో ఇచ్చే చెడు సలహా. తల్లికే సరిగా రాని ఒడియాలో పిల్లలు వినేది నాలుగు ఆజ్ఞలు: రా, తిను, రాయి, పడుకో. అదే తల్లి తెలుగులో కథ చెబుతుంది, కారణం చెబుతుంది, పోయిన ఏడు వరదల సంగతి వర్ణిస్తుంది. కార్యకారణాలు, ముందువెనకలు, పోలికలు పట్టుకునే శక్తి అలాంటి మాటల్లోనే పెరుగుతుంది. ఒక భాషలో పెరిగిన ఈ శక్తి రెండో భాష చదివేటప్పుడు కూడా అక్కరకు వస్తుందని కమిన్స్ 1979లో ప్రతిపాదించాడు. బాష్పీభవనం అంటే ఏమిటో తెలుగులో అర్థమైన పాప ఒడియాలో నేర్చుకోవాల్సింది పేరు మాత్రమే. ఏ భాషలోనూ అర్థం కాని పాప పేరు, భావం రెండూ ఒకేసారి నేర్వాలి.

ఒడియా రాని తల్లిదండ్రులు తాము సాయపడలేమని చేతులెత్తేస్తారు. ఒడియా ఉచ్చారణ వాళ్లు దిద్దలేరు, నిజమే. ‘ఈ రోజు పాఠంలో ఏముందో తెలుగులో చెప్పు’ అని అడగగలరు. ఎవరు, ఎందుకు చేశారు, తర్వాత ఏమైంది అని గుచ్చి గుచ్చి అడగగలరు. పిల్ల చెప్పలేకపోతే పాఠం తలకెక్కలేదని ఆ క్షణమే తెలిసిపోతుంది. పుస్తకంలోని వాక్యాన్ని భాష మార్చి చెప్పాలి కాబట్టి బట్టీతో గట్టెక్కే వీలుండదు.

## తరగతిలో పనిచేసే పద్ధతులు

పాలిన్‌క్సర్, బ్రౌన్ 1984లో వివరించిన పద్ధతి ఒకటి ఇక్కడి బడులకు బాగా నప్పుతుంది. పిల్లలు చిన్న గుంపుగా కూర్చుని పేరా పేరాకూ ఆగుతారు. ఒకరు సారాంశం చెబుతారు, ఒకరు ప్రశ్న వేస్తారు, అర్థం కాని చోటు ఒకరు ఎత్తి చూపుతారు, తర్వాత ఏం జరగొచ్చో ఒకరు ఊహిస్తారు. మొదట టీచర్ చేసి చూపిస్తారు, క్రమంగా పగ్గాలు పిల్లలకు వదులుతారు. పుస్తకం ఒడియాలో, చర్చ తెలుగులోనో రెండూ కలిపో సాగితే నష్టం లేదు. చివర సారాంశం మాత్రం ఒడియాలో చెప్పించాలి. పరీక్షలో రాయాల్సింది ఆ భాషలోనే.

చదివిందే మళ్లీ మళ్లీ చదవడం మన ఇళ్లలో పాతుకుపోయిన అలవాటు. రోడిగర్, కార్పికీ 2006 ప్రయోగంలో మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాతి పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, పుస్తకం మూసి గుర్తుచేసుకుంటూ రాసినవాళ్లదే పైచేయి అయింది. రాత్రి పదిసార్లు చదివి పొద్దున ఒప్పజెప్పే పిల్లలు నెల తిరిగేసరికి మరిచిపోవడానికి ఇదొక కారణం.

## కొలత మీద ఒక మాట

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం 2026-27 నాటికి ప్రతి పిల్లా మూడో తరగతి పూర్తిచేసేసరికి అర్థం చేసుకుంటూ చదవగలగాలని గడువు పెట్టింది. మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 మాటల వేగం అందులోని లక్ష్యాల్లో ఒకటి. గడువు దగ్గరపడే కొద్దీ తేలిగ్గా లెక్కపెట్టగలిగే వేగం మీదే అందరి దృష్టీ పడే ప్రమాదం ఉంది. మాటల లెక్క అన్ని భాషలకూ ఒకేలా సరిపోదు కూడా. ‘రాలేకపోయినందుకు’ అన్న ఒక్క తెలుగు మాటను ఇంగ్లిష్‌లో చెప్పడానికి ఐదారు మాటలు కావాలి.

వేగం మీదే ఒత్తిడి పెడితే సరిహద్దు బడుల్లో గడగడా చదివే పిల్లలు ఇంకా పెరుగుతారు, అర్థం కాని పిల్లలు అంతేమంది ఉంటారు. అక్షరాల లోపం కొన్ని నెలల శ్రద్ధతో తీరుతుంది, మాటల లోపానికి ఏళ్లు పడతాయి. ఈ రెండింటినీ ఒకే మార్కులో కలిపి కొలిస్తే భాష మీద పెట్టిన కష్టం మొదటి ఏడాది కనబడదు. కనబడలేదని ఆ పని మధ్యలోనే వదిలేస్తారు. పైకి చదివినప్పటి మార్కు ఒకటి, విని చెప్పినప్పటి మార్కు ఒకటి, చదివి చెప్పినప్పటి మార్కు ఒకటి, ఇలా మూడు గళ్లు ప్రోగ్రెస్ కార్డులో విడివిడిగా ఉంటే ఎవరికి ఏ సాయం కావాలో టీచర్‌కీ తల్లిదండ్రులకీ మొదటి టెర్మ్‌లోనే తెలుస్తుంది. దానికి కొత్త నిధులు అక్కర్లేదు, ఒక్కో పిల్లకు పావుగంట సమయం చాలు.